ఇంజను తగిలించే దాకా

దయ్యాన్ని చూశానని ఎవరైనా నాతో అంటే, ముందురోజు ఏం తిన్నావు, ఎన్ని గంటలు నిద్రపోయావు అని అడిగే మనిషిని నేను. మా రాచర్ల వైపు కొండదారుల్లో మలుపుకొక దయ్యం ఉందని చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆ మలుపులన్నీ ఒంటరిగా తిరిగాను. ఒక్కటీ ఎదురుపడలేదు. నీ నోటికి జడిసి రాలేదులే అంటాడు మా తమ్ముడు.

ఇప్పుడు కూడా నా నమ్మకాలేమీ మారలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా నాయన బతికుండగా రాయనిచ్చేవాడు కాదు. ఆయన పోయి రెండేళ్ళయింది.

మాకు ఊళ్ళో కొంచెం మెట్టచేను, ఒక గొర్రెల మంద ఉండేవి. నేను కాపురానికి పోకముందే భర్త పోయాడు. అందరూ నా నుదుటిని చూసి ఏడుస్తుంటే మా మేనమామ ఒక్కడు నా తలలో ఏముందో చూశాడు. పట్టుబట్టి చెన్నపట్నం పంపాడు. అక్కడే బి.ఏ. దాకా చదివి, అక్కడే ఆడపిల్లల బడిలో టీచరునయ్యాను. నాయన నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. ఆయన మాటలు అంత పొదుపు.

తమ్ముడు తిరుపాలు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాడు ఒకరోజు మందను దొడ్లో తోలి, కర్రను గోడకు ఆనించి, నా దగ్గరికి వచ్చేశాడు. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పనిలో చేరాడు. వచ్చేటప్పుడు నాయన అన్నది ఒకే మాట. "పోతే పో. మళ్ళ ఈ గడప తొక్కొద్దు." వీడు తొక్కలేదు. ఆయన పిలవలేదు. ఆరేళ్ళు అట్లాగే గడిచాయి. ఇద్దరిదీ ఒకే మొండితనం. మధ్యలో ఉత్తరాలు రాసే ఉద్యోగం నాది.

ఆరో ఏడు తిరుపాలుకు దగ్గులో నెత్తురు పడింది.

క్షయ ఆసుపత్రి తాంబరం దగ్గర. నేనుండేది మాంబళంలో. యుద్ధం రాకముందు సంగతి ఇది. అప్పటికే బీచి స్టేషను నుంచి తాంబరం దాకా కరెంటు రైలు నడుస్తోంది. తాంబరం ఆ లైనుకు చివర. అక్కడ అందరూ దిగిపోతారు. డ్రైవరు ఒక ఇనుప పిడి చేతపట్టుకుని ప్లాట్‌ఫారం వెంట నడిచి ఈ కొసనుంచి ఆ కొసకు పోతాడు. అంతే, వెనక పెట్టె ముందుపెట్టె అయిపోతుంది. ఇంజను తిప్పడం, నీళ్ళు పట్టడం, బొగ్గు ఎత్తడం ఏమీ లేదు, ఎందుకంటే అసలు ఇంజనే లేదు. మొదటిసారి చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. రోజూ బడిలో అయిదు క్లాసులు చెప్పి, సుద్దముక్క పొడి చేతులతో ఆ రైలెక్కి, తమ్ముడి పక్కన గంటసేపు కూర్చుని, మళ్ళీ అదే రైల్లో తిరిగొచ్చే మనిషికి నోరు తెరవడానికి కూడా ఓపిక ఉండదు. నాలుగు నెలలు తిరిగాను అట్లా. చివరి స్టేషను అనే మాట వింటేనే కాళ్ళు లాగేవి.

ఆషాఢంలో డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. మందులతో ఇంక లాభం లేదు, ఒకవైపు పక్కటెముకలు కొన్ని తీసి ఆ ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలి, వారంలోపు జరగాలి, ఆలస్యమైతే రెండోదానికీ పాకుతుంది అన్నాడు. కాగితం మీద రోగి సంతకం కావాలి.

తిరుపాలు పెట్టనన్నాడు.

"నాయన వస్తే పెడతా."

"ఆయన రాడురా. ఆయనకు గొర్రెలుండాయి."

"రాకుంటే వద్దు. ఇంటికి పోయేది లేనప్పుడు, బాగై యాడికి పోవాల్నక్కా?"

వాడితో రెండు రోజులు వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా బడిలో లేరు, హెడ్‌మిస్ట్రెస్‌తో సహా. వీడు వాదించడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. గోడతో ఎవరు గెలుస్తారు?

అంతకుముందు మూడు ఉత్తరాలు మర్యాదగా రాశాను. డాక్టరు ఆ మాట చెప్పిన రాత్రే నాలుగోది రాశాను. అందులో మర్యాద లేదు. "గొర్రెకు గాలికుంటు వస్తే రాత్రంతా దొడ్లో కూర్చునే మనిషివి. కొడుకుకు క్షయ వస్తే ఇంట్లో కూర్చున్నావు. వారం దాటినాక వస్తే నిన్ను స్టేషనులో దించుకోవడానికి కూడా నేను రాను" అని రాశాను. ఊళ్ళో బడిపంతులు దాన్ని నాయన ఎదుట గట్టిగా చదవాలని తెలిసే రాశాను.

అడుగున ప్రయాణం వివరం కూడా రాశాను. ఎందుకంటే నాయన జన్మలో ఒక్కసారి రైలెక్కాడు, గిద్దలూరు నుంచి మార్కాపురానికి. "గిద్దలూరులో చెన్నపట్నానికి టిక్కెట్టు తీసుకో. పెట్టెలో కూర్చో. దారిలో జంక్షనులో ఇంజను విప్పుకుని పోతారు. బండి పోయిందని భయపడి దిగొద్దు. మరో ఇంజను తెచ్చి తగిలించే దాకా ఎవరేం చెప్పినా పెట్టెలోనే కూర్చో." ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయినా అవి నన్ను మరవలేదు.

డాక్టరు చెప్పిన గడువులో నాలుగోరోజు తొలి ఏకాదశి. పక్కవాటా అమ్మ పేలపిండి ఇస్తే కాగితంలో కట్టుకుని, తమ్ముడి కోసం సంచిలో వేసుకున్నాను. బడినుంచి నేరుగా రైలెక్కాను. నాలుగున్నరకు తాంబరం చేరింది. పట్టపగలు, కళ్ళు మండే ఎండ.

అందరూ దిగారు. నేను ఆడవాళ్ళ పెట్టెలో చివరిదాకా కూర్చున్నాను. లేవాలంటే లేవబుద్ధి కాలేదు. డ్రైవరు పిడి పట్టుకుని కిటికీ పక్కనుంచి నడిచిపోయాడు. అప్పుడు వాసన తగిలింది. గొర్రెబొచ్చు తడిసి ఆరితే వచ్చే వాసన. చెన్నపట్నంలో ఆ వాసన రాదు.

మా పెట్టెకూ పక్క పెట్టెకూ మధ్య ఇనుప జల్లెడ ఉంటుంది. అందులోంచి చూస్తే, ఖాళీ పెట్టెలో ఒక ముసలాయన ఆ ఎండలో నల్లగొంగడి కప్పుకుని బల్లమీద రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పులు బల్లకింద జతగా ఉన్నాయి. నాకు ముందు కనపడింది మెడవెనక కత్తిగాటు మచ్చ. ఆ మచ్చను చిన్నప్పుడు నా వేలితో తడిమిన దాన్ని నేను.

ప్లాట్‌ఫారం మీదికి దిగి ఆ పెట్టె వాకిట్లోకి పరిగెత్తాను.

"నాయనా! ఎప్పుడు వచ్చినావు? ఎవరితో వచ్చినావు?"

ఆయన నావైపు తిరిగాడు. అలసిపోయిన ముఖం. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"పిల్లోడు ఎట్లుండాడు?"

"నువ్వు దిగితే చూపిస్తా. రా, దిగు."

"ఇంజను రానీ."

"ఇంజనేంది? ఇదే ఆఖరు స్టేషను. దిగు నాయనా."

"ఇంజను తగిలించే దాక దిగొద్దని నువ్వే గదా తల్లీ రాసినావు. పంతులు రెండుసార్లు సదివినాడు."

"అది జంక్షన్ సంగతి. ఈ బండికి ఇంజను ఉండదు. పైన తీగలో కరెంటు ఉంటది, దాంతో పోతది."

"ఇంజను లేని బండి ఏంది? ఎద్దు లేకుండ బండి కదుల్తాదా? నన్ను ఎగతాళి సేస్తాండావా?"

నాకు కోపం వచ్చింది. ఆరేళ్ళు కదలని మనిషి, తీరా వచ్చి ఆసుపత్రికి మైలు దూరంలో బల్లమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను వాకిట్లో నిలబడి కరెంటు గురించి పాఠం చెప్పాను. నిజం, పాఠమే చెప్పాను. లోపలికి పోయి చెయ్యి పట్టుకుని లాగి ఉంటే సరిపోయేది. ఆ పని చెయ్యలేదు. ఇన్నేళ్ళలో వెయ్యిసార్లు అనుకున్నాను, ఎందుకు ముట్టుకోలేదని.

ఒక సంగతి మాత్రం చూశాను. బల్లకింద ఎడమచెప్పు వారు తెగి ఉంది. తెగినచోట పచ్చగుడ్డ పేలికతో కట్టి ఉంది. ఆకుపచ్చ. మా నాయన ఇంట్లో ఆకుపచ్చ గుడ్డ ఏదీ లేదు, ఎవరిదో చింపుకొచ్చాడు అనుకున్నాను. ఆ చిరాకులో కూడా అది కంటబడింది.

తెలుగు తెలిసిన కూలీ ఒకడు దూరంగా కనిపించాడు. వాడొచ్చి చెప్తే వింటాడేమోనని పది అడుగులు వేసి పిలిచాను. వెనక్కి తిరిగేసరికి బండి కదిలింది. ఆవిరిబండిలా ఊపిరి పీల్చి కుదిపి కదలదు అది. జారిపోతుంది. నాయన కిటికీలోకి వచ్చాడు, రెండు చేతులతో ఊచలు పట్టుకుని. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. భయం కాదు. చిన్నపిల్లవాడు మొదటిసారి ఉయ్యాల ఎక్కితే ఉంటుందే, ఆ ముఖం.

స్టేషను గుమాస్తా మంచివాడు. ముందున్న స్టేషన్లన్నిటికీ టెలిఫోన్ చేశాడు. గొంగడి కప్పుకున్న ముసలాయన ఏ స్టేషనులోనూ దిగలేదు. బీచిలో పెట్టెలన్నీ వెతికారట. ఏ పెట్టెలోనూ లేడు. నేను పిలిచిన కూలీని అడిగాను. అమ్మా, మీరు వాకిట్లో నిలబడి ఎవరితోనో పోట్లాడుతుండటం చూశాను, లోపల ఎవరో చూడలేదు అన్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి వేళ దాటిపోయింది. నర్సు నా ముఖం చూసి అయిదు నిమిషాలు ఇచ్చింది. తిరుపాలు కూడా నా ముఖమే చూశాడు.

"ఏందక్కా?"

"నాయన వచ్చినాడు. తాంబరం దాకా వచ్చి, దిగకుండా బండిలో పోయినాడు."

వాడు గోడవైపు తిరిగాడు. తర్వాత, "సంతకం కోసం సెప్తాండావు" అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పాను. ఇంజను లేనిదే దిగనన్నాడని, ఎద్దు లేని బండి అన్నాడని, చెప్పుకు పచ్చపేలిక కట్టుకున్నాడని. చెప్తుంటే నాకు ఏడుపు వచ్చింది. వాడికి నవ్వు వచ్చింది. నాలుగు నెలల తర్వాత వాడు నవ్వడం అదే. నవ్వు దగ్గుగా మారి, దగ్గు తగ్గాక అన్నాడు, "అయితే ఆయనే. అంత మొండోడు ఇంగొకడు యాడుంటాడు? అయినా నన్ను సంతోషపెట్టేదానికి అబద్ధం సెప్పే మనిషివి కాదులే నువ్వు. నీకంత మంచితనం లేదు."

కాగితం తెప్పించి సంతకం పెట్టాడు. పేలపిండి ఇంత నోట్లో వేసుకున్నాడు. మూడోరోజు ఆపరేషన్ జరిగింది. బతికాడు. ఇప్పుడు ఒక భుజం దిగి ఉంటుంది, అంతే.

నాయన కోసం ఆ వారమంతా వెతికించాను. చివరికి పంతులు దగ్గరనుంచి కార్డు వచ్చింది. మీ నాయనగారు ఊళ్ళోనే క్షేమంగా ఉన్నారు, ఎక్కడికీ రాలేదని మీకు రాయమన్నారు, అని. నేను నమ్మలేదు. వచ్చి, బెదిరి, పారిపోయి, ఇప్పుడు అబద్ధమాడుతున్నాడు అనుకున్నాను. కొడుకు కోతబల్ల మీద ఉంటే అబద్ధమా అని ఎనిమిది నెలలు ఉత్తరం రాయలేదు. కోపంలో నేనూ ఆయన బిడ్డనే.

ఎనిమిది నెలల తర్వాత తిరుపాలును తీసుకుని గిద్దలూరులో దిగాను. ఊరినుంచి ఎద్దులబండి రావడం ఆలస్యమైంది. వాడిని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాను. ఓబులేసు అని అక్కడి పోర్టరు, మా ఊరి పేరు చెప్పగానే, "ఓహో, గొర్రెల పెద్దాయన బిడ్డలా మీరు?" అని నవ్వడం మొదలుపెట్టాడు.

"తొలి ఏకాదశినాడు మీ నాయన నా పానం తీసినాడమ్మా. మబ్బుతోనే, తెల్లారకముందే నడిసి వచ్చినాడు, చెన్నపట్నానికి టిక్కెట్టు తీసుకున్నాడు. అదిగో, ఆ పక్కపట్టాల మీద పాతపెట్టె ఉండాదే, దాంట్లో ఎక్కి కూసున్నాడు. ఇంజను లేని పెట్టె గదా, ఇదే మా బిడ్డ రాసిన పెట్టె అన్నాడు. ఆయన బండి వచ్చింది, పాయ. పెద్దాయనా, అది పోయే పెట్టె కాదు, చక్రాలు తుప్పు పట్టినాయి, దిగు అని నేను, స్టేషను మాస్టరు, అందరం సెప్పినాము. ఎవరేం సెప్పినా దిగొద్దని రాసింది మా బిడ్డ, బి.ఏ. సదివింది, నీకేం తెలుసు అన్నాడు."

నేను ఆ పెట్టెవైపు చూశాను. దాని కింద పల్లేరు మొలిచి ఉంది.

"ఎక్కేటప్పుడు చెప్పు వారు తెగింది. అంతదూరం పోయే మనిషి అని నేనే, చిరిగిపోయిన పచ్చజెండా అంచు ఇంత చింపి కట్టి ఇచ్చినా. పైవోళ్ళకు సెప్పొద్దమ్మా."

పచ్చ అన్న మాట వాడి నోట రాగానే తిరుపాలు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి గోళ్ళు దిగాయి.

ఎన్నింటిదాకా కూర్చున్నాడు అని నేనే అడిగాను.

"పొద్దు గూకే దాకా. నాలుగు దాటినాక, గూడ్సు పోయినాక, లోపల ఎవురితోనో వాదిస్తాండాడు. ఎండకు కునుకు పట్టిందిలే అనుకున్నా. మల్ల ఉన్నట్టుండి కిటికీ ఊచలు పట్టుకోని కదులుతాంది, కదులుతాంది అని ఒకటే అరుపు. నేను పరిగెత్తుకొచ్చినా. పెట్టె యాడిదాడనే ఉండాది. ఆయన ముఖం మాత్రం ఇంత వెలుగు. ఆ తర్వాత కిక్కురుమనలా. చీకటి పడినాక దిగి, ఈ సంగతి మా బిడ్డకు తెలిస్తే తిడ్తాది, ఎవురికీ సెప్పొద్దు అని ఊరికి పోయినాడు."

ఇంటికి పోయాం. నాయన వాకిట్లో నిలబడి తిరుపాలును చూశాడు. దిగిన భుజాన్ని చూశాడు. మందను చూసి ఏ గొర్రె కుంటుతోందో కనిపెట్టే చూపు అది. "లోపలికి రా. గడప తగుల్తాది, సూసుకో" అన్నాడు. గడప గురించి వాళ్ళిద్దరి మధ్య అంతకంటే మాట జరగలేదు.

సాయంత్రం దొడ్డిలో నేనొక్కదాన్నే ఆయన్ను పట్టుకున్నాను. రొంటిన ముడివేసిన గుడ్డ విప్పి టిక్కెట్టు చూపించాడు. చెన్నపట్నానికి. ఎవరూ కత్తిరించలేదు. అంచు కూడా నలగలేదు.

"గిద్దలూరు దాటలా నేను. నీ ఉత్తరంలో రాసినట్టే సేసినా."

"నన్ను చూసినావా ఆ రోజు?"

చాలాసేపు గొర్రెపిల్ల చెవులు నిమిరాడు. "కునుకు పట్టినట్టుంది. నువ్వు వాకిట్లో నిలబడి అరుస్తాండావు. అది మామూలే గదా అనుకున్నా."

మీరు ఏమనబోతున్నారో నాకు తెలుసు. అలసట అంటారు. నిజమే, ఆ నాలుగు నెలలు నేను నిలబడి నిద్రపోయిన రోజులున్నాయి. అలసటకు గొంగడి కనిపించవచ్చు, మెడమీద మచ్చ కనిపించవచ్చు. కానీ ఆ ఉదయం గిద్దలూరులో ఒక పోర్టరు చింపిన జెండా అంచు అదే సాయంత్రం తాంబరంలో నా కంట ఎట్లా పడింది? అది ఓబులేసు చెప్పడానికి ఎనిమిది నెలల ముందే తిరుపాలుకు నేనెట్లా చెప్పగలిగాను? సైన్సు టీచరును అడిగాను, ఇద్దరు డాక్టర్లను అడిగాను. ఒకాయన నన్నే పరీక్ష చేస్తానన్నాడు. నాతో నేను వాదించి చూశాను. ఏ పక్షం తీసుకున్నా ఓడిపోయేది నేనే.

ఆ సాయంత్రం నేను లేచి రాబోతుంటే నాయన ఆపాడు.

"అమ్మీ, ఒకటి అడుగుతా, ఎగతాళి సేయొద్దు. ఆ బండి ఇంజను లేకుండ ఎట్ల కదిలింది?"

కూర్చున్నాను. పైన తీగ ఉంటుందని, తీగలో కరెంటు ఉంటుందని, అది చక్రాలు తిప్పుతుందని, ఈసారి అరవకుండా, మొదటినుంచి చెప్పాను. అంతా విని ఆయన తల అడ్డంగా తిప్పాడు. నమ్మలేదు. పోయే దాకా నమ్మలేదు.

ఆయన అడిగిన ఆ ఒక్కటే నాకు తెలిసింది. మిగతాది నన్ను అడగొద్దు.